సుట్టాల లైను

రాజేశం ఉద్యోగమంతా ఒక కిటికీ వెనకే గడిచింది. శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గు బాయిలో దీపాల గది ఆయనది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ ముందు ఆగి, నెత్తిమీద టోపీకి తగిలించుకునే దీపం తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక పైకొచ్చి అదే కిటికీలో తిరిగివ్వాలి. ఎవరి దీపానికి వాళ్ల నంబరు, ఎవరి నంబరుకు వాళ్ల గూడు. గూడు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. అందుకే షిఫ్టు విడిచే వేళకు రాజేశం ఎవరితో మాట్లాడుతున్నా చూపు మాత్రం గూళ్ల మీదే ఉండేది.

ఆయన దగ్గర ఒక చిన్న కెమెరా ఉండేది. రిటైరయ్యే మనిషి ఆఖరిసారి దీపం తిరిగిచ్చే రోజున, ఆ కిటికీలోంచే ఒక ఫోటో తీసేవాడు. మొహం నిండా బొగ్గు మసి, మసిలో కళ్లూ పళ్లూ. "జర ఆగు రాజేశం, మొహం కడుక్కోని వస్త" అని ఎవరన్నా అంటే ఒప్పుకునేవాడు కాదు.

"కడుక్కుంటె నువ్వు మీ ఇంటోళ్ల మనిషివైతవు. గిప్పుడైతె మా మనిషివి. నిలవడు," అనేవాడు.

తర్వాత ఆ ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. వాటికి పేర్లు పెట్టలేదు, దీపం నంబర్లు పెట్టాడు. ఆయన దృష్టిలో అదే పేరు.

తన వంతు వచ్చి, తనూ రిటైరై దీపాల గది అప్పజెప్పేశాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడే భార్య సరోజన పోయింది. ఉన్నది ఒక్క బిడ్డ, పద్మలత. ఆమె భర్త సుధాకర్ హైదరాబాద్ కంపెనీ ఒకదానికి లక్సెట్టిపేటలో ఇంట్లోంచే పనిచేస్తాడు. "మా ఇంటికి రా మామా, ఒక్కనివే ఏడుంటవు" అని సుధాకరే వెళ్లి పిలిచాడు, పెట్టెలు తనే మోసి బండిలో పెట్టాడు. ఆ మాటలో కల్తీ లేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా ఆ పిలుపు వరకూ తన తప్పేమీ లేదని సుధాకర్‌కు గట్టిగానే అనిపించేది. తప్పంతా ఆ తర్వాతిది.

అల్లుడింట్లో ఉండటం రాజేశానికి అలవాటు కాలేదు. ఎవరూ లేవకముందే స్నానం ముగించేవాడు. రెండో చాయ అడిగేవాడు కాదు. టీవీ పెడితే సౌండు ఎంత తగ్గించేవాడంటే, తెర మీద పెదవుల కదలికే తప్ప మాట వినపడేది కాదు. సుధాకర్ తరఫు బంధువులు వస్తే వెనక గదిలోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకునేవాడు. "మీ ఇంట్ల నీళ్ల మోటర్ సప్పుడు జేస్తుంది," "మీ ఇంటి గేటు కిర్రుమంటుంది" అనేవాడు.

"బాపూ, గీ ఇల్లు నీది గాదా?" అని పద్మలత కోప్పడేది.

"నాదే బిడ్డా, ఎవలు గాదన్నరు? నాదే గని, మీ ఇల్లు."

ఆ వెనక గదిలోనే ఆయన పాత కంప్యూటర్ ఉండేది. దాంతో ఆయనకు ఒకే పని. ఎక్కడో ఒకచోట ఒక బాయి మనిషి చనిపోయేవాడు. ఆ ఇంటివాళ్లు ఫోన్ చేసేవాళ్లు: "కాకా, మా బాపు ఫోటో ఉన్నదా మీ దగ్గర?" ఆ ఇళ్లలో పెళ్లినాటి ఫోటో అన్నా ఉంటుంది, ఆధార్ కార్డు మీది మొహమన్నా ఉంటుంది. మధ్యలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి ఉండడు. రాజేశం "ఎవలు? పర్శరాములా? ఆగు" అని నంబరు గుర్తు చేసుకుని ఫోటో తీసేవాడు. దినాల రోజున గోడకు కట్టే ఫ్లెక్సీకీ, దండ వేసే ఫ్రేముకీ అదే వెళ్లేది.

అయితే ఆ పాత కంప్యూటర్‌లో వాట్సాప్ తెరుచుకోదు, మెయిల్ తెరుచుకోదు. ప్రింటరూ, మంచి కంప్యూటరూ ముందు గదిలో పద్మలత దగ్గర ఉన్నాయి. అందుకని సుధాకర్ రెండింటినీ ఇంటి వైఫై మీద కలిపాడు. వెనక గదిలో "దీపాలు" అని ఒక ఫోల్డర్. మామ అందులో పెట్టిన ఫోటో ముందు గదిలో కనపడుతుంది, పద్మలత దాన్ని పంపించేస్తుంది. అది మొదటిసారి పనిచేసిన రోజున రాజేశం ముందు గదికీ వెనక గదికీ నాలుగుసార్లు తిరిగి చూసుకుని, "ఇంట్ల ఇంట్లనే బాయి తవ్వినవు గదా అల్లుడా" అని మురిసిపోయాడు.

అంతా బాగానే ఉండగా ఒక ఫ్లెక్సీ దుకాణం నుంచి రాజేశం తెచ్చిన పెన్ డ్రైవ్‌తో వైరస్ వచ్చింది. పద్మలత కంప్యూటర్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. అది ఇంట్లోని వైఫై గుండా తన ఆఫీసు లాప్‌టాప్ దాకా వస్తే ఉద్యోగం మీదికొస్తుందని సుధాకర్ భయపడ్డాడు. ఆ సాయంత్రమే రెండు పనులు చేశాడు. ఇంట్లో పెన్ డ్రైవ్ అన్నదే వద్దన్నాడు. మామ కంప్యూటర్‌ను ఇంటి వైఫై మీంచి తీసి, అదే వైఫై డబ్బాలో ఉండే గెస్ట్ లైను మీద పెట్టాడు. ఇంటికొచ్చిన బయటివాళ్లకు ఇచ్చే లైను అది. దాని మీద ఇంటర్నెట్ వస్తుంది గానీ, ఇంట్లోని మిగతా కంప్యూటర్లు కనపడవు. వైరస్ శుభ్రం చేసేదాకే కదా అనుకున్నాడు. శుభ్రం చేశాడు కూడా. తిరిగి కలపడం మరిచిపోయాడు.

మామకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చెప్పేంత పెద్ద విషయం కాదనుకున్నాడు.

"సుధాకరూ, పద్మ మిషిని కానొస్తలేదు. నాదొక్కటే కానొస్తుంది," అన్నాడు రాజేశం ఒకరోజు తలుపు దగ్గర నిలబడి.

"రీస్టార్ట్ చేసినవా మామా?"

"నాది చేసిన. పద్మది చేసిన. డబ్బాను గూడ ఆపి పెట్టిన."

"పాతదాయె. చూద్దాం తీ."

రాజేశం ఊరికే కూర్చునే మనిషి కాదు. దీపం వెలగకపోతే ముందు బల్బు, తర్వాత తీగ, తర్వాత బ్యాటరీ చూసే అలవాటు. దీన్నీ అట్లాగే పట్టుకున్నాడు. సుధాకర్ లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా ఒక్కోటి చెప్పేవాడు. రెండింటికీ వర్క్‌గ్రూప్ పేరు ఒకటే ఉందా చూడు. ఫైర్‌వాల్ ఆపి చూడు. ఫోల్డర్‌కు ఎవ్రీవన్ అని అనుమతి ఇచ్చి చూడు. రాజేశం ఒక్కోటి చేసి వచ్చి, సుధాకర్ చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీసేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు.

"చేసిన అల్లుడా. ఎవ్రీవన్ అంటె అందరనే గద? అందరు రావచ్చని రాసి పెట్టినంక గూడ ఎవలు రాకపోతె ఏం జెయ్యాలె?" అని నవ్వేవాడు. "నెట్‌వర్క్ పాత్ నాట్ ఫౌండంట. తొవ్వ దొర్కుతలేదంటుంది. ముందటర్రకు తొవ్వ దొర్కకపోవుడేంది, గీ ఇంట్ల?"

పద్మలత నవ్వేది. "నువ్వే ఆ అర్రకు సరిగ్గ రావు బాపూ, నీ మిషినెట్ల వస్తది?"

తర్వాత ఒక మధ్యాహ్నం నెట్ నెమ్మదిగా ఉందని సుధాకర్ వైఫై డబ్బా లోపలి సెట్టింగులు తెరిచాడు. ఎవరెవరు ఏ లైను మీద ఉన్నారో అక్కడ వరుసగా కనపడుతుంది. ఇంటి లైను కింద తన లాప్‌టాప్, పద్మలత కంప్యూటర్, రెండు ఫోన్లు, టీవీ. వాటికి కింద విడిగా గెస్ట్ అన్న మాట, ఆ మాట కింద ఒకే ఒక్క పేరు: రాజేశం కంప్యూటర్.

సుధాకర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వారాలుగా ఆయన బల్బూ తీగా వెతుకుతున్నది ఈ ఒక్క మాట కోసమే.

సరిచేయడం కష్టమేమీ కాదు. ఆయన గదిలోకి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, ఇంటి లైను పాస్‌వర్డ్ కొట్టడమే. కానీ పక్కన కూర్చుంటే ఆయన అడుగుతాడు. "ఇన్నొద్దులు ఏ లైను మీదున్నట్టు?" అని తప్పకుండా అడుగుతాడు. గెస్ట్ అంటే ఏమిటో చెప్పాలి. అల్లుడింట్లో చాయ కూడా అడగని మనిషికి, నిన్ను చుట్టాల కింద పెట్టానని చెప్పాలి. ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో సుధాకర్‌కు తోచలేదు. అంతలో ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. తెరిచిన పేజీ మూసేశాడు.

ఆ సాయంత్రం రాజేశం మళ్లీ గుమ్మంలోకి వచ్చాడు. "ఇంకేమన్న చూడాల్నా?"

"ఇంకోసారి రీస్టార్ట్ చేసి చూడు మామా," అన్నాడు సుధాకర్. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. రాజేశం సరేనని వెళ్లి నిజంగానే రీస్టార్ట్ చేశాడు. ఆ పాత కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలయ్యే చప్పుడు ముందు గదిదాకా వినపడింది.

అట్లా రోజులు గడుస్తుండగా సాంబయ్య పోయాడు. సాంబయ్యదీ రాజేశానిదీ ఒకే షిఫ్టు, ఒకే క్వార్టర్ల వరుస. రిటైరయ్యాక జమ్మికుంట వెళ్లి స్థిరపడ్డాడు. ఆయన మనవరాలు స్పందన ఫోన్ చేసింది. "తాతా, మా తాత ఫోటో పంపుతవా? దినాలకు ఫ్లెక్సీ కొట్టియ్యాలె. ఇంట్ల ఒక్కటి గూడ సక్కగ లేదు."

రాజేశం ఫోటో తెరిచి పెట్టుకుని సుధాకర్ దగ్గరకు వచ్చాడు. "జర జల్ది జెయ్యాలె సుధాకరూ. సాంబయ్యది. ఒక్క ఫోటో అటు దాటాలె, అంతే."

ఆ వారం ఆఫీసులో ఊపిరాడని పని ఉన్నమాట నిజమే. ఆ నిజం వెనక దాక్కోవడం కూడా నిజమే. "రేపు పొద్దుగాల్ల చూద్దాం మామా," అన్నాడు సుధాకర్. రేపటికీ అదే మాట అన్నాడు.

రాజేశం మూడోసారి అడగలేదు. తన ఫోన్‌తో కంప్యూటర్ తెరను ఫోటో తీసి పంపించాడు. అందులో సాంబయ్య మొహం మీద అడ్డంగా గీతలు, నుదుటి మీద కిటికీ వెలుగు. ఫ్లెక్సీ దుకాణంవాడు ఇది పనికిరాదన్నాడట. "ఏం గాదు తాతా, ఆధార్ కార్డుది పెట్టినం," అని స్పందన చెప్పింది. రాజేశం ఫోన్ పెట్టేసి, "ఆధార్ కార్డుదంట" అని పద్మలతతో అన్నాడు. ముందు గదిలో సుధాకర్‌కు ఆ మాట స్పష్టంగా వినపడింది.

దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం సుధాకర్ ఎవరూ అడగకుండానే వెనక గదిలోకి వెళ్లాడు. "జర్గు మామా, చూద్దాం" అని పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద పద్మలత కంప్యూటర్ పేరు వచ్చి నిలబడింది.

"ఏమాయెనంటవు?" అన్నాడు రాజేశం.

"ఏదో సెట్టింగ్ మారింది మామా. అప్‌డేట్ అయినప్పుడు అట్లైతది."

"అట్లనా? మంచిగైంది," అన్నాడు రాజేశం. ఇంకేమీ అడగలేదు.

సాంబయ్య ఫోటో ముందు గదికి దాటింది. పద్మలత దాన్ని పెద్దదిగా ప్రింటు తీసి ఫ్రేము కట్టించింది. ఆ ఫోటోలో సాంబయ్య దీపం చేతికిస్తూ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మరుసటి ఆదివారం మామను కారులో కూర్చోబెట్టుకుని సుధాకరే జమ్మికుంట తీసుకెళ్లాడు. గోదావరి వంతెన దాటి, పత్తి లారీల వెనక వెనకే పోయి, మధ్యాహ్నానికి చేరుకున్నారు.

ఆ ఇంటి గోడకు ఫ్లెక్సీ ఇంకా ఉంది. ఎండకు అప్పుడే కొంత వెలిసింది. అందులో సాంబయ్య ఎవరో బెదిరిస్తే కళ్లు పెద్దవి చేసిన మనిషిలా ఉన్నాడు. సాంబయ్య భార్య ఐలవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. రాజేశం ఫ్రేమును ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె కొంగుతో అద్దం తుడిచి చాలాసేపు చూసింది.

"గీయన నవ్వుతుండు," అంది.

"గట్లనే నవ్వుతుండె వదినె. ఆని నవ్వు ఇనవడ్డదంటె షిఫ్టు ఇడిసిండ్రని మాకెరుక."

"ఇంట్ల ఎన్నడు గిట్ల నవ్వలే రాజేశం. నలభై ఏండ్లు సంసారం జేసిన, గీ నవ్వు నాకెన్నడు సూపియ్యలే." ఆమె ఫ్రేమును గుండెకు ఆనించుకుంది. "దినాలకు తెస్తె ఏమాయె? చుట్టాలందరు వచ్చిండ్రు. గా బిత్తిరి మొహానికి దండం పెట్టి పోయిండ్రు. గీ మొహానికి పెడుదురు గద?"

సుధాకర్ ఆమెకు రెండు చేతుల దూరంలో ఉన్నాడు. నోరు తెరవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

"నా మిషిని పాతది వదినె," అన్నాడు రాజేశం. "నడువకపాయె. తప్పు నాదే."

సుధాకర్ ఆ మాటను అట్లాగే పోనిచ్చాడు. ఐలవ్వ ఇచ్చిన చాయ తాగాడు.

తిరుగు ప్రయాణంలో కరీంనగర్ దాటారు. ముందు ఒక పత్తి లారీ రోడ్డంతా ఆక్రమించుకుని పోతోంది, దాని పక్కనుంచి పోవడానికి సందు లేదు.

"మామా, నీ మిషిని పాతదై కాదు," అన్నాడు సుధాకర్ ఎట్టకేలకు.

"ఎరికె."

"ఏం ఎరికె?"

"నెట్టు కైలాసం చెప్పిండు. దినాలైన తెల్లారి తీగ మార్వ వచ్చిండు గద, నువ్వు మీటింగుల ఉంటివి. జర నా మిషిని గూడ సూడు తమ్మీ అన్న. 'కాకా, నువ్వు గెస్టుల ఉన్నవు. గందుకే నీకు బయట లోకమంత కానొస్తది గని ఇంట్లోళ్లు కానరారు' అన్నడు. గెస్టంటె ఏంది తమ్మీ అంటె, సుట్టాల లైను అన్నడు." రాజేశం కొంచెం నవ్వాడు. "మంచి పేరే పెట్టిండ్రు."

సుధాకర్ లారీ వెనకే బండి నెమ్మది చేశాడు. "అడగకపోతివి?"

"ఏమని అడగాలె? నేను గుమ్మంలకొస్తె నువ్వు నా మొహం దిక్కు సూస్తలేవాయె. అప్పుడే సమజైంది, నీకు గూడ ఎరికేనని. ఇగ నేనడిగితె నువ్వేదో ఒక అబద్ధం చెప్పాలె. అడగకపోతె గూడ ఒకటి చెప్పనే చెప్పినవు, అప్‌డేటని."

"తప్పైంది మామా. వైరస్ వచ్చిననాడు పెట్టిన, మల్ల యాది మరిచిన. యాదికొచ్చినంక చెప్ప బుద్ధి గాలే. నువ్వు ఏమనుకుంటవో అని..."

"నేనేమనుకుంట?" అన్నాడు రాజేశం. లారీ వెనక నుంచి పత్తి పోగులు ఎగిరొచ్చి అద్దానికి అంటుకుంటున్నాయి. ఆయన వాటినే చూస్తున్నాడు. "నాకైతె ఏం లేదు. నేనింట్లనే ఉన్న, తింటున్న, పంటున్న. ఏ లైనైతె ఏంది? గని సాంబడు అన్నొద్దులు గా బిత్తిరి మొహం పెట్టుకోని గోడకు ఏలాడిండు గద. తప్పైందని ఆనికి చెప్పాలె నువ్వు. ఆడు లేడాయె."

క్షమించానని ఆయన అనలేదు. క్షమించలేదనీ అనలేదు. ఇంటికొచ్చాక చెప్పులు విడిచి ఎప్పటిలాగే వెనక గదిలోకి పోయాడు.

ఆ తర్వాత "దీపాలు" ఫోల్డర్‌కు ఏ అడ్డూ రాలేదు. ఎన్ని ఫోటోలు పెడితే అన్నీ దాటాయి. ఉన్నవన్నీ పద్మలత కంప్యూటర్‌లో కూడా ఉంచేశారు. ఒక రోజు కూర్చుని నంబర్లకు ఎదురుగా పేర్లు రాసుకుందామని సుధాకర్ అన్నాడు. "కూసుందాం, నీకు ఎప్పుడు ఖాళీ ఉంటె అప్పుడు," అన్నాడు రాజేశం. ఆయన ఎప్పుడూ ఖాళీగానే ఉండేవాడు. సుధాకర్‌కు ఖాళీ దొరకలేదు. ఈసారి దాచడానికి ఏమీ లేదు, ఊరికే దొరకలేదు.

వానాకాలంలో ఒకరోజు పొద్దున స్నానం చేసి వచ్చి మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పద్మలత చాయ పట్టుకుని వెళ్లేసరికి అంతా అయిపోయింది.

ఆయన పోయాక కూడా ఫోన్లు ఆగలేదు. మొదటి ఫోన్ మంచిర్యాల నుంచి వచ్చింది. ఉమారాణి అనే ఆమె. "రాజేశం కాకా నంబరే గద ఇది? మా బాపు పోయిండు. మొగిలి. కాకా దగ్గర ఫోటో ఉంటదని బాపు ఎప్పుడు చెప్తుండె."

"మీ బాపు దీపం నంబరు ఎంతమ్మా?" అన్నాడు సుధాకర్.

"నంబరా?" అంది ఆమె. "మా బాపు పేరు మొగిలి సార్."

సాయంత్రానికల్లా ఆమే బస్సెక్కి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. సుధాకర్ ఆమెను ముందు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "దీపాలు" తెరిచాడు. ఒక్కొక్క నంబరు నొక్కుతుంటే ఒక్కొక్క మొహం వస్తోంది. అందరి నెత్తినా అదే టోపీ, అందరి మొహానా అదే మసి, చేతిలో అదే దీపం. వాళ్లలో ప్రతి ఒక్కరినీ చూడగానే పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఒకడుండేవాడు. ఆయన గుమ్మంలో నిలబడి ఎదురుచూసిన రోజుల్లో ఒక్క రోజు లేచి వెళ్లి పక్కన కూర్చున్నా సరిపోయేది.

"గీయన గాదు," అంది ఉమారాణి. "గీయన గూడ గాదు."

ఒక ఫోటో దగ్గర ఆమె ముందుకు వంగింది. తెర మీద వేలు పెట్టి ఆ మొహం చుట్టూ తిప్పి గడ్డం దగ్గర ఆపింది.

"గదువ మా బాపుదాని లెక్కనే ఉన్నది," అంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "చెవులు గావు. ఇంకోటి పెట్టుండ్రి సార్."

సుధాకర్ ఇంకోటి పెట్టాడు.